పడతది సారు

రఘుపతి సారుకు ఒక్కటే జబ్బు. నిలబడి ఉన్న పాత గోడ ఏది చూసినా, అది ఇప్పుడో ఇంకాసేపటికో కూలుతదని ఆయన నమ్మకం. "జర జరగు, పడతది" అననిదే ఆయనకు పొద్దు గడవదు. చిత్రమేందంటే, ఆయన కొలువే పాత గోడల కొలువు. కోటలు, గుళ్లు, సరాయిలు కొలిచి, బొమ్మలు గీసి సర్కారు దస్త్రంల భద్రం చెయ్యాలె. వందల ఏండ్ల సంది వానకు, ఎండకు చలించని రాళ్ల నడుమ తిరిగే మనిషికి ఈ బెంగ ఏందో, ఆయన వెంట టేపు పట్టుకొని తిరిగే కురుమయ్యకు ఎన్నడూ సమజ్ కాలే.

గోడ నీడకు కూసుందామంటే సారు ఊకోడు. నడినెత్తిన ఎండ మాడ్చుతున్నా బయట బండ మీద కూసొనే సద్ది తినాలె. ఆలంపురంల పూజారి హారతి పళ్లెం పట్టుకొని స్తంభానికి ఆనుకుంటే, "అయ్యగారూ, జర ఇవతలికి రాండ్రి" అని చెయ్యి పట్టి గుంజిండు. పూజారి, హారతి రెండూ వాకిట్లకు వచ్చినయి. దేవుడు మాత్రం లోపల్నే ఉండె. ఆయన్ను గూడ పిలుస్తడేమో అని కురుమయ్య చూసిండు.

కురుమయ్య భయాలు వేరు. రోజులు గట్లున్నయి. ఒక దిక్కు నిజాం కొమ్ము కాసే రజాకార్లు, ఒక దిక్కు ఆయన మీద తిరగబడ్డ సంగపోళ్లు, నడుమ పోలీసులు. టేపు పట్టి గోడలు కొలిచేటోన్ని చూస్తే అందరికీ అనుమానమే. ఆ ఎండకాలం ఒక బురుజు కాడ రజాకార్ల జమాదారు తుపాకి ఎత్తి, ఎవని మనుషులని అడిగిండు. కురుమయ్య టేపు కింద పడేసి చేతులు పైకెత్తిండు. సారు తుపాకి దిక్కు చూడనే లేదు, జమాదారు నెత్తి మీదున్న కమాను దిక్కు చూసిండు. "మీరు నిలబడ్డ జాగా మంచిది కాదు సాబ్, పడతది" అన్నడు. జమాదారు పైకి చూసిండు, జరిగిండు, ఏమనుకున్నడో పొమ్మన్నడు.

వానకాలంల యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం లొంగిండు. ఊళ్లు కాలవెట్టిన రజాకార్లు రాత్రికి రాత్రి మాయమైన్రు. జనం కోపం మాత్రం మాయం కాలే. చేసినోళ్లు చిక్కలే, వాళ్ల మతంల పుట్టినందుకు ఏ పాపం తెల్వనోళ్లు చిక్కిన్రు.

అప్పుడు వీళ్లిద్దరు కేతేపల్లికి అవతల రాళ్లవాగు అనే ఊళ్లె, సడక్ పక్కన బాటసారులు దిగే పాత సరాయి కొలుస్తున్నరు. దాని మూలనున్న అర్ర దిక్కు పోవద్దని సారు గట్టిగ చెప్పిండు. ఇంతల సారు తిండి గూడ పెరిగింది. కుండెడు జొన్నగట్క చేస్తే పొద్దటికి కుండ ఖాళీ. బెంగకు ఆకలి ఎక్కువైతదేమో అనుకున్నడు కురుమయ్య.

ఒకనాడు పగటిపూట ఆ అర్రల నుంచి పసిపోరడు దగ్గిన చప్పుడైంది. కురుమయ్య తొంగి చూసిండు. దూదేకుల మౌలాబీ, ఆమె కోడలు, ఇద్దరు పిల్లలు చీకట్ల ముడుచుకొని ఉన్నరు. మౌలాబీ ఏకిన దూదితో కుట్టిన బొంత కప్పుకోని ఇల్లు ఆ ఊళ్లె లేదు.

కురుమయ్య బయటికొచ్చి సారు ముందట చతికిలబడ్డడు. ఊరోళ్లకు తెలిస్తే మన పానాలు గూడ పోతయని మొత్తుకున్నడు. సారు గీస్తున్న బొమ్మ మీది నుంచి తల ఎత్తలే. భయమైతే అత్తగారింటికి పొమ్మన్నడు, తప్పేం లేదన్నడు. కురుమయ్య నిజంగనే మూట కట్టుకున్నడు. మూట భుజానికెత్తుకునే సరికి సడక్ మీద జనం కనబడ్డరు.

ముందు దుర్గయ్య, చేతుల గొడ్డలి. రజాకార్లు ఆయన ఇల్లు కాలవెట్టిన్రు, అన్నను తీస్కపోయిన్రు. అన్న మళ్ల రాలే. ఆ దుఃఖం అబద్ధమని అనే మొగోడు ఆ ఊళ్లె లేడు.

"మౌలాబీ లోపలున్నదంట. తప్పుకో సారూ."

దుర్గయ్య ఒక చెయ్యి దర్వాజ కంబానికి ఆనిచ్చిండు. అంతే. సారు ఉరికొచ్చి ఆ చెయ్యి పట్టి ఇవతలికి గుంజిండు. "పడతది దుర్గయ్యా. నీ అన్న పిల్లలకు ఇప్పుడు నువ్వే దిక్కు. నీకేమన్న అయితే వాళ్లనెవరు సూస్తరు?"

ఎనక నిలబడ్డోళ్లల్ల ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. సారు సంగతి ఊరంత ఎరికే. దుర్గయ్య మాత్రం నవ్వలే. అన్న పిల్లల మాటకు ఆయన మొఖం మారింది.

కురుమయ్య చేతుల కొలిచే గడ ఉంది. ఎందుకు చేసిండో ఆయనకే తెల్వదు, మెల్లగ గడ ఎత్తి కమానుకున్న సున్నం పెళ్లను పొడిచిండు. పెళ్ల వచ్చి దబ్బున దుర్గయ్య ముందట పడ్డది. దుమ్ము లేచింది. జనం ఎనుకకు ఉరికిన్రు. అందరికన్నా ఎక్కువ అదిరిపడ్డది రఘుపతి సారే. ఇన్నేండ్ల సంది పడతది అన్నడే గని, ఆయన ముందట ఎన్నడూ ఏదీ పడలే.

దుమ్ము అణిగినంక దుర్గయ్య అడిగిండు. "లోపల మనుషులుంటే?"

"ఉంటే వాళ్ల మీదనే పడతది. ఆ పాపం నీ చేతులకెందుకు?"

దుర్గయ్య ఆ పెళ్లను కాలితో పక్కకు జరిపిండు. గొడ్డలి భుజానేసుకొని మర్లిండు. ఆయన ఎనక అందరు మర్లిన్రు. కురుమయ్య మూట నెత్తి కింద పెట్టుకొని అక్కడ్నే పండుకున్నడు. గోడ నీడన పండుకున్నా సారు ఆనాడు ఏమనలే.

తెల్లారి నల్లగొండకు పోయే మిలటరీ లారీని సారు చెయ్యి ఎత్తి ఆపిండు. పిల్లలను ఎక్కిచ్చిన్రు, కోడలు ఎక్కింది. మౌలాబీ మాత్రం ఎక్కకుండ సారు ముందట నిలబడ్డది. దండం పెడతదేమో అనుకున్నడు కురుమయ్య.

"ఏం మనిషివి బిడ్డా నువ్వు? బయట గొడ్డళ్లున్నయన్న సోయే లేకపాయె. పడతది, పడతది అని నువ్వు ఒర్రుతుంటే పైకప్పు దిక్కే చూసుకుంట కూసున్న. మెడ పట్టేసింది, కిందికి వంగుత లేదు."

సారు నేల చూపులు చూసిండు. "అన్నింట్ల గట్టి అర్ర చూసే పెట్టిన అవ్వా. అది పడది."

ఒక కట్టడం పడదని సారు నోటి నుంచి ఇనుడు కురుమయ్యకు అదే మొదలు.

"గా ముచ్చట జర నా చెవుల ఏస్తే నీ సొమ్మేం పాయె?" అనుకుంటనే మౌలాబీ లారీ ఎక్కింది. లారీ కదిలింది. మెడ వంగక ఆకాశం దిక్కే చూస్తున్న ముసలమ్మను చూసి, దేవునికి దువా చేస్తున్నదనుకొని, లారీల ఉన్న సిపాయిలు టోపీలు తీసి భక్తిగ తలలు వంచిన్రు.