తడిగుడ్డ ఉద్యోగం

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే నెత్తి మీద కాస్తయినా నెరసిన జుట్టు ఉండాలంటారు. నాకది రెండు ఢిల్లీ చలికాలాలకే వచ్చేసింది కనుక ఆ హక్కు ఉందనే అనుకుంటున్నాను. ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలం కాదు, దీపావళి వెళ్ళిన మర్నాటి నుంచి ఇక్కడి ఆకాశం కడగని టీ గ్లాసులా మారిపోయే ఈ కాలంలోనే, ఢిల్లీ తెలుగువాళ్ళకు ప్రతి ఆఫీసులోనూ ఒక ‘మనోడు’ ఉండేవాడు. రైలు బెర్తు ఖాయం కావాలంటే రైల్వేలో ఒక మనోడు, పెద్దాసుపత్రిలో చీటీ కావాలంటే అక్కడొక మనోడు. వాడికి నిజంగా పలుకుబడి ఉందా లేదా అని ఎవరూ అడగరు, వాడూ చెప్పడు. ‘చూస్తానండీ’ అంటాడు. పని అయితే వాడి చలవ, కాకపోతే మన ఖర్మ. ఇంత సుఖమైన పదవి దేశంలో మరొకటి లేదు. అలాంటి పదవిలోకి నేను ఏ దరఖాస్తూ పెట్టకుండా జారిపడ్డాను.

జియా సరాయ్‌లో మూడేళ్ళు సివిల్స్ చదివి, ప్రిలిమ్స్ అనే మొదటి మెట్టు మీదే మూడుసార్లూ కాలుజారాక, పొగ అణచడానికి కృత్రిమ వర్షం కురిపించే ప్రయోగంలో పనిచేస్తున్న ఒక చిన్న కంపెనీలో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. మేఘమథనం అంటే మీరు విమానాలూ, మందుగుండూ ఊహించుకుంటారేమో. నా వాటాకు వచ్చింది ఆఫీసు డాబా మీద ఒక తెల్ల చెక్కపెట్టె. అందులో రెండు థర్మామీటర్లు. ఒకటి దిగంబరంగా ఉంటుంది, రెండోది వేలెడు తడిగుడ్డ చుట్టుకుని ఉంటుంది. రెండింటికీ తేడా ఎంతో చూస్తే గాలిలో తేమ ఎంతో తెలుస్తుంది. గంటకోసారి ఆ తేమ రాయడం, గుడ్డ ఎండిపోకుండా సీసాలో నీళ్ళు పోయడం, రేపటి గాలి ఎలా ఉంటుందో చెబుతూ పొద్దున్నే వచ్చే కాగితాన్ని ఫైల్లో పెట్టడం: ఇదీ నా ఉద్యోగం. గాలి కబుర్లకు జీతం ఇస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. మా బాసుకు నేను పెట్టుకున్న పేరు ‘ఆర్ద్రత సారు’. తేమను హిందీలో ఆర్ద్రతా అంటారు. ఆయన నోట రోజుకు వందసార్లు వినిపించే ఆ మాట, తెలుగు అర్థంలో మాత్రం మనిషిలో ఎక్కడా కనిపించేది కాదు.

అద్దెకు ఉండేది సాకేత్ దగ్గర, హెడ్ సిస్టరు ఆంటీ వాళ్ళ డాబా మీద. (డాబా మీది గదిని ఇక్కడ బర్సాతీ అంటారు, వానగది అన్నమాట. వాన ఉద్యోగికి వానగది. ఇందులో మాత్రం నా తప్పేమీ లేదు.) ఆంటీది గోదావరి జిల్లా. పాతికేళ్ళుగా ఒక ఆసుపత్రిలో వార్డును కంటిచూపుతో నడుపుతున్న మనిషి. ఆ ఇంట్లో మాట ఆంటీది, తల ఊపడం అంకుల్ది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి పిలిచి, కోడికూర వడ్డిస్తూ అడిగారు, “ఇంతకీ నీ ఉద్యోగమేంటి బాబూ?” అని. పక్కన వాళ్ళమ్మాయి, కాబోయే పెళ్ళికూతురు, ఫోన్లోంచి తల ఎత్తింది. ఆ తల ఎత్తడమే నా కొంప ముంచింది. గుడ్డ తడుపుతానని ఎలా చెప్పను? “వాన కురిపిస్తామండీ” అన్నాను.

ఆంటీ గరిటె గాలిలో ఆగిపోయింది. “అచ్ఛా! పేపర్లో రాసింది మీ గురించేనా? ఒరే నాయనా, శనివారం సాయంత్రం దీని రిసెప్షను. చర్చి పక్కన లాన్‌లో. స్టేజీ అంతా పూలే. శనివారం మాత్రం కురిపించకు. ప్రభువుకి చెప్పాను, నీకూ చెప్తున్నాను. ఇద్దరూ మర్చిపోవద్దు.”

నాది కాదండీ ఆ పని అనడానికి అదే సరైన సమయం. నోట్లో ముక్క ఉంది. అది మింగి, “చూస్తానాంటీ” అన్నాను. అంతే, రెండో కోడితొడ కూడా నా కంచంలోకి వచ్చింది. మర్నాటి నుంచి రోజూ క్యారేజీ మెట్లెక్కి వచ్చేది. వార్త కూడా వ్యాపించినట్టుంది, అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీన్‌లో భోజనాల క్యూలో ముందు మనిషి వెనక్కి తిరిగి, “వాన ఆఫీసులో మనోడంటే మీరేనటగా?” అని తన వంతు నాకిచ్చేశాడు.

బుధవారం ఆంటీ వాళ్ళమ్మగారు, అంటే నాకు మామ్మగారు, మనవరాలి పెళ్ళికని రైలు దిగారు. సముద్రం పక్క ఊరు ఆవిడది. ఉప్పుగాలి పీల్చి పెరిగిన ఛాతీ ఈ గాలిని చూసి హడలిపోయింది. గురువారానికి దగ్గు, శుక్రవారానికి పిల్లికూతలు. మందు ఆవిరి పట్టే మాస్కు ముక్కు మీంచి పక్కకు జరిపి నన్ను పిలిచారు.

“ఏరా అబ్బాయ్, ఏంట్రా ఈ పొగ? ఊళ్ళో వరికుప్పలన్నీ ఒకేసారి అంటుకున్నట్టు! వానొస్తే అణుగుతాదంటగా? ఓ జల్లు పడనీరా. పెళ్ళిని కళ్ళారా చూసి పోతాను.”

“చూస్తాను మామ్మగారూ” అన్నాను. కూతురికి ఆపుతానని, తల్లికి కురిపిస్తానని, ఒకే ఇంట్లో ఒకే శనివారాన్ని ఇద్దరికి రాసిచ్చేశాను. ఆ రాత్రి నాకు పట్టిన చెమటలోనే బోలెడంత ఆర్ద్రత ఉంది.

శనివారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, పడమటి నుంచి మబ్బులు వస్తున్నాయి, ఈరోజే విమానం. రెండోది గాలి కాగితంలో ఉంది: సాయంత్రానికి గాలి పూర్తిగా పడిపోతుంది, పొగంతా నేలకు దిగి అక్కడే కూర్చుంటుంది. సరిగ్గా రిసెప్షను వేళకి. ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మామ్మగారు లాన్‌లో ముందు వరసలో కూర్చుంటారు, మూడు గంటలసేపు. ఆంటీకి ఫోను చేసి చెప్పాలి. చెబితే, ‘నువ్వుండగా పొగేంటి, వాన కురిపించు’ అంటారు. అప్పుడు అసలు సంగతి చెప్పాలి. అంతకన్నా వాన పడితే ఏ గొడవా ఉండదు కదా అనిపించింది. కాగితం ఫైల్లో పెట్టేశాను. పెట్టేశాను అని ఇంత తేలిగ్గా రాస్తున్నాను గాని, ఆ ఫైలు మూసిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నం రెండున్నరకు డాబా మీద ఉండగా ఆంటీయే ఫోను చేశారు. చర్చిలో పెళ్ళయిపోయింది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే హెడ్ సిస్టరు లేదు. “బాబూ, అమ్మకి ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి పోదామంటే మనవరాలి కేకు కోసేదాకా కదల్నంటోంది. పూలు తడిస్తే తడిశాయి. స్టేజీ పోతే పోయింది. ఆపొద్దు. కురిపించెయ్.”

ఎప్పటిలాగే ‘చూస్తానాంటీ’ అని వచ్చింది నోటి చివరిదాకా. రాలేదు. “రీడింగ్ తీసుకోవాలాంటీ” అని పెట్టేశాను.

మా ఫారంలో ఒక ఎర్రగీత ఉండేది. తేమ ఆ గీత దాటితే విమానం ఎగరవచ్చు, దాటకపోతే లేదు. పెట్టె తలుపు తీశాను. లెక్క వేస్తే సరిగ్గా గీత మీద ఉంది, అటూ కాదు ఇటూ కాదు. గుడ్డ కొస ఎండడం మొదలుపెట్టింది. ఇక్కడొక రహస్యం చెప్పాలి: గుడ్డ ఎండిపోతే ఆ పెట్టె అబద్ధమాడుతుంది, లేని తేమ ఉందని చెబుతుంది. నేనేమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఐదు నిమిషాలు నిలబడితే చాలు, గీత దాటుతుంది, విమానం లేస్తుంది. జన్మలో మొదటిసారి వాన నిజంగా నా చేతిలోకి వచ్చింది. సీసా మూత తీసి పట్టుకున్నాను. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, వంగి నీళ్ళు పోశాను. గుడ్డ నిండా తడిసింది. మళ్ళీ చూస్తే తేమ గీత కిందికి దిగింది. ఉన్నది ఉన్నట్టు రాసి, సారుకు ఫోను చేశాను.

“బోలో భాయ్, ఆర్ద్రతా?”

“గీత కింద ఉంది సార్. ఎగరకూడదు.”

అవతల నవ్వు. “అరే, విమానం లేచి పావుగంటైంది. నీ రీడింగ్ ఫైలు కోసం. రాసి పెట్టు.”

నేను ఆపినా ఆగనిది, పంపినా వెళ్ళనిది ఆ విమానం. నా ధర్మసంకటం అంతా ఫైలు కోసం. నవ్వాలో ఏడవాలో తెలియక తల ఎత్తి చూస్తూ నిలబడ్డాను. మబ్బులున్నాయి. ఎక్కడో మోత వినిపించింది. చెయ్యి చాపాను. మూడు దాటింది. మూడున్నర అయింది. అరచేతిలో పడింది మసి నలుసు ఒక్కటే. మబ్బులు దారిన పోయే చుట్టాల్లా తూర్పుకు సాగిపోయాయి. గాలి తగ్గుతోంది, పక్క డాబా మీద ఆరేసిన చీర కదలడం మానేసింది. కాగితం చెప్పినట్టే జరుగుతోంది.

అప్పుడు చేశాను ఫోను. “ఆంటీ, వాన పడదు. అది నా చేతిలో లేదు. ఎప్పుడూ లేదు. నా పని ఒక గుడ్డముక్క తడపడం, అంతే. కానీ ఒకటి మాత్రం నిజంగా తెలుసు. సాయంత్రానికి గాలి ఆగిపోతుంది, పొగ ఇంకా దిగుతుంది. మామ్మగారిని లాన్‌లో కూర్చోబెట్టకండి.”

అవతల కుర్చీలు లాగేవాళ్ళను ఆంటీ కసిరి ఆపారు. “ఇది నీకు ఎప్పట్నించి తెలుసు?”

“పొద్దుట్నించి.”

“పొద్దుట్నించి తెలిసి, నా చేత ఆవిణ్ణి పట్టుచీర కట్టించి, మూడు గంటలు బయట తిప్పించావా? తడిగుడ్డతో గొంతు కోశావు కదయ్యా!” ఫోను పెట్టేశారు.

నేను వెళ్ళేసరికి లాన్ సగం ఖాళీ. ఆంటీ పట్టుచీర కొంగు నడుముకు చెక్కి, చర్చి కింది హాల్లోకి రిసెప్షను మొత్తాన్ని వార్డు మార్చినట్టు మారుస్తున్నారు. “భయ్యా, కుర్సీ అందర్! ఫూల్ బాద్ మే!” అని, పూల సంగతి తర్వాత ముందు కుర్చీలు లోపలికంటూ, టెంటువాడి మీద కేకలు. నన్ను చూశారు. బకెట్టు, మగ్గు చేతిలో పెట్టి, పొగ రాకుండా తలుపులకూ కిటికీలకూ కట్టిన దుప్పట్లు చూపించారు. “నీ ఉద్యోగం గుడ్డ తడపడమేగా. తడుపు. ఒక్కటి ఎండినా ఊరుకోను.”

తడిపాను. కొత్త సూటుతో వచ్చిన వియ్యాలవారంతా నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్ళారు. పెళ్ళికూతురు తెల్లగౌను ఎత్తిపట్టుకుని వెళ్తూ, “భయ్యా, బారిష్ తో మస్త్ హై!” అని, వాన అదిరిందన్నట్టు నా బకెట్టు వైపు చూసి నవ్వింది. మూల గదిలో మామ్మగారు కుర్చీలో ముందుకు వంగి ఊపిరి ఏరుకుంటున్నారు. ఆంటీ ఆవిడ వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ అంకె చూసేవారు, మందు పట్టేవారు, మళ్ళీ చూసేవారు. “అరగంటలో పెరక్కపోతే కేకూ లేదు, కబుర్లూ లేవు, ఆసుపత్రే” అన్నారు. చర్చి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను దుప్పటి తడుపుతూ ఆ అంకె చూస్తున్న ఆంటీ మొహాన్నే చూశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ రీడింగూ తీసుకోలేదు. అరగంట కావస్తుండగా ఆంటీ భుజాలు కిందికి దిగాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, “కేకు తెండి” అని అరిచారు.

మామ్మగారు నన్ను పిలిచారు. చెప్పాల్సినదంతా బకెట్టు పక్కన పెట్టి చెప్పేశాను.

“నాకు తెల్సులేరా” అన్నారు, ఇంకా కొంచెం ఎగపోస్తూనే. “తుపాను ఊళ్ళోదాన్ని. వాననాపినోణ్ణీ సూళ్ళేదు, తెప్పించినోణ్ణీ సూళ్ళేదు. మా ఊళ్ళో ఒకడుండేవోడు, డప్పు కొట్టి ‘ఎల్లండెల్లండి’ అని ముందు సెప్పేవోడు. ఆడి వల్లే బతికాం. నువ్వూ అలాటోడివే. కాకపోతే డప్పు కొంచెం ఆలీసం.”

మర్నాడు క్యారేజీ రాలేదు. వారం రోజులు రాలేదు. ఎనిమిదో రోజున వచ్చింది, తొడ లేకుండా.

ఇప్పుడు నేను ఢిల్లీలోనే ఒక ఆఫీసులో తుపాను హెచ్చరికలు తెలుగులో రాస్తుంటాను. డప్పు ఉద్యోగమే. సముద్రంలో అల్పపీడనం అని వార్త వస్తే చాలు, మామ్మగారి ఫోను వస్తుంది. “ఒరేయ్, ఇది మీ ఆఫీసుదా, దేవుడిదా?”

“దేవుడిదే మామ్మగారూ. మీరు మాత్రం మధ్యాహ్నంలోగా షెల్టరుకు వెళ్ళిపోండి.”

వెళ్తారు, ఒక్క ప్రశ్న వెయ్యరు. వెళ్ళేముందు మాత్రం, “అక్కడ పొగంటగా, కిటికీకి గుడ్డ తడిపావా?” అని అడుగుతారు. “తడిపాను మామ్మగారూ” అంటాను. రెండో కోడితొడకు ఆశపడ్డ ఆ కుర్రాడు నాలోంచి ఎక్కడికీ పోలేదు. నోటికి ముందు అబద్ధమే వస్తుంది. కాకపోతే ఇప్పుడు ఫోను పెట్టగానే లేచి, మగ్గు తీసుకుని, వెళ్ళి తడుపుతాను.