బండి ఎడమ పక్క సీట్లో నేను

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, మా మేనమామ పాత మినీ ట్రక్కు కొన్న ఎండాకాలాన్ని తలుచుకుంటే మాత్రం ముసలిదాన్నైపోయినట్టు ఉంటుంది. అప్పుడే నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరాను. బియ్యం బస్తాలతో పాటు బండిలో వెళ్లి, కోదాడ, సూర్యాపేట దుకాణాల్లో దింపించి, బిల్లుల మీద సంతకాలు పెట్టించుకు రావడం నా పని. నలుగురిలో నోరు విప్పలేని మనిషిని (కోపమొస్తే ఇంటికెళ్లి డైరీలో తిట్టుకునేదాన్ని; ఆ ఏటి డైరీ చదివినవాళ్లు నన్ను పెద్ద రౌడీ అనుకుంటారు). అలాంటిదాన్ని మేనేజర్ ముందు నిలబడి, "మా మామకు బండి ఉంది సార్" అని అడిగాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఒక నెల సూస్త. దారిల ఆగుడు మొదలైతే వేరే బండి పెట్టుకుంట" అన్నాడు.

మొదటి వారంలోనే ఆగింది. నేరేడుచర్ల దాటగానే వేడి చూపించే ముల్లు పైకి లేచేది, కాసేపటికి ముందు నుంచి ఆవిరి. ఇంజన్ మా సీటు కిందే కాబట్టి ముల్లు కన్నా ముందు నాకే తెలిసేది. అది చాలదన్నట్టు బండి ఎడమ పక్కకు, అంటే నా పక్కకు, ఒరిగి నడిచేది. గుంత వచ్చినప్పుడల్లా నా తల తలుపుకు కొట్టుకునేది.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె ఇంట్లో ముసుగు లేని వస్తువు ఉండదు. ఫ్రిజ్‌కు, టీవీకి, చివరికి గ్యాస్ సిలిండర్‌కు కూడా కుట్టింది. బండి రాగానే దాని ముఖానికి పసుపు పూల రెగ్జిన్ ముసుగు కుట్టింది. లైట్లకు, నంబరుకు కిటికీలు వదిలింది కూడా. "లారీలు రాళ్లు లేపుతయి, ముందున్న జాలీకి గీతలు పడుతయి" అని ఆమె భయం. ఏ షెడ్డుకు వెళ్లినా, లోపలికి పోకముందే మామ దాన్ని విప్పి, భక్తిగా మడిచి నా ఒళ్లో పెట్టేవాడు. "గ్రీజు అంటితే మీ అత్తమ్మ నన్ను ఇంట్లకు రానియ్యదు."

మిర్యాలగూడ మెకానిక్ రేడియేటర్ మూత మార్చాడు, కూలెంట్ పోశాడు. "మరి ఒరగడం?" అని నేనడిగితే జవాబు మామకు చెప్పాడు. "అన్నా, ఆ పక్క కూసునేది ఎవరు?" నా వైపు చూసి నవ్వాడు. "ఇగ ఒరగదా మరి." మామ కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

సూర్యాపేటలో ఒక పెద్దాయన బండి కిందికి దూరి, ఎడమ చక్రం మీది కమాన్‌లో ఒక పట్టీ విరిగి ఉందనీ, అది కనబడకుండా పాత ఓనరు నల్లరంగు కొట్టి అమ్మాడనీ చెప్పాడు. పట్టీ మారింది, బండి నిటారుగా నిలబడింది. నా బరువు మీద పడ్డ నింద పోయింది (మిర్యాలగూడ వెళ్లి ఆ మెకానిక్‌కు చెబుదామని చాలాసార్లు అనుకున్నాను, డైరీలో). వేడి తగ్గడానికి వాటర్ పంపు మార్చాడు. షెడ్డులో ఇంజన్ ఎంతసేపు ఆన్‌లో ఉంచినా ముల్లు కదల్లేదు. "ఖతం, ఇగ పరేషాన్ కాకు" అన్నాడు. మేం బండికి మళ్లీ ముసుగు కట్టి బయలుదేరాం. ఊరు దాటగానే ఆవిరి.

మేనేజర్ పిలిచి, "రేపు కోదాడ లోడు ఆగొద్దు. ఆగితే మీ మామను మళ్ల రావద్దను" అన్నాడు. మర్నాడు కోదాడ పొలిమేరలోనే ఆగింది. చల్లారాక, బస్తాలతోనే అక్కడి షెడ్డుకు చేర్చాం. ఆ మెకానిక్ చాలాసేపు ఆన్‌లో ఉంచి చూసి, "ఇంజన్ విప్పాల్సిందే అన్నా. పది రోజులు బండి ఇక్కడే వదిలెయ్యండి" అన్నాడు. మామ ముఖం మాడిపోయింది. పది రోజులంటే మిల్లు పని పోయినట్టే. నేను ఉండబట్టలేక అడిగాను. "ఇక్కడ ఇంతసేపు ఆన్‌లో ఉన్నా వేడెక్కలేదు కదండీ. దారిలోనే ఎందుకు ఎక్కుతుంది?" అతను మామతోనే అన్నాడు. "అమ్మాయిగారికి ఇయ్యన్నీ అర్థం కావులే అన్నా."

బస్తాలు దింపి వచ్చి బండి అప్పజెబుతామని మామ బయటికి తీశాడు. రోడ్డు మీద ఆపి, ఎప్పటిలాగే, "ఆ పక్క ముసుగు తాడు కట్టు బిడ్డా" అన్నాడు.

"కట్ట."

"ఏందీ?"

"నేను కట్ట మామా. అందరు నీతోనే మాట్లాడుతున్నరు గద, వాళ్లనే వచ్చి కట్టుమను."

రెగ్జిన్‌ను ఉండలా చుట్టి వెనక బస్తాల మీదికి విసిరేశాను. మామ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, బండి ఎక్కాడు.

దుకాణాలన్నీ తిరిగాం. మిట్టమధ్యాహ్నం ఎండ. ముల్లు కిందే ఉంది. మామ వేలితో అద్దం మీద కొట్టి, "ఇది గూడ పాడైనట్టుంది" అన్నాడు. కానీ నా సీటు కాలడం లేదు. షెడ్డుకు వెళ్లే మలుపు దగ్గర ఆయన బండి తిప్పలేదు. నేరేడుచర్ల దాకా పోనిచ్చి, ఒక టీ కొట్టు ముందు ఆపి, దిగి ముందు జాలీ మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత వెనక పడి ఉన్న పసుపు పూలను చూశాడు. తర్వాత నన్ను.

"మూడు షెడ్లల్ల నీ ఒళ్లెనే ఉండె గదనే" అన్నాడు.

"పెట్టింది నువ్వే గద."

"సరే గని, మీ అత్తమ్మకు ఎవరు చెప్పాలె? నీకు కోపం మంచిగనే వస్తది. నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. ముసుగు వల్ల జాలీకి గాలి అందక ఇంజన్ వేడెక్కుతోందనగానే, అత్తమ్మ నన్నే గద్దించింది. "గాలి ఆడాలని నాకు తెల్వదా? ఫ్రిజ్ ముసుగు వెనక తెరిచి కుట్టలేదా?" మరి బండికెందుకు వదల్లేదని అడిగితే, "బండి గాలిల పోయేదే గద, దానికి వేరే గాలెందుకు?" అంది.

మామ బండి ఇప్పటికీ ఆ మిల్లుకే నడుస్తోంది, ముఖం తెరుచుకుని. అత్తమ్మ ఆ రెగ్జిన్‌ను వృథా పోనివ్వకుండా కత్తిరించి నా డైరీకి అట్ట కుట్టి ఇచ్చింది. ఒళ్లో పెట్టుకుని రాయడానికి కూర్చుంటే, మూడు షెడ్లలో జవాబును మోకాళ్ల మీద పెట్టుకుని పళ్లు నూరుతూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఇంత మంచి కోపాన్ని కొంచెం ముందే తెచ్చుకోవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఏం లాభం, తలూపి, ఇంటికెళ్లి నన్ను కూడా డైరీలో తిట్టేది.