డ్రోన్ దిగేదాకా స్టవ్ ఆపకూడదు

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున, హౌరాలో ఆసుపత్రిలో. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో "ప్రశాంతంగా కన్నుమూశారు" అని పెట్టారు. అబద్ధం. ఆవిడ ఏ పనీ ప్రశాంతంగా చేసిన మనిషి కాదు. ముందు రోజు సాయంత్రం కూడా నర్సుతో బెంగాలీలో పోట్లాడింది, దిండు కింద నుంచి తీసేసిన స్క్రూడ్రైవరు తిరిగి ఇమ్మని. ఇంటికొచ్చి "పాపం, ఒంటరి మనిషి" అని నిట్టూర్చే వాళ్లను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా తాత సిక్కోలు నుంచి రైల్వే పనికి హౌరా పక్కనున్న సంత్రాగాఛి వచ్చాడు. మా నాన్నా రైల్వేలోనే చేశాడు. అత్త మాత్రం బ్యాంకులో చేరి ఆఫీసరైంది, పెళ్లి వద్దనుకుంది, మా ఇంటి పక్క వీధిలోనే చిన్న ఫ్లాటు కొనుక్కుంది. రిటైరయ్యాక భజనలకు రమ్మని అమ్మ పిలిచింది. కాశీ వెళ్లి రమ్మని నాన్న చెప్పాడు. ఆవిడ కలకత్తాలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే చాందినీ మార్కెట్‌కి వెళ్లి నాలుగు చిన్న మోటార్లు కొనుక్కొచ్చింది.

దానికి కారణం ఒకే ఒక్క మాట. దుర్గాపూజ నిమజ్జనం రోజున మా పాడాలో, అంటే మా పేటలో, ఒకాయన డ్రోన్ ఎగరేశాడు. అది అలా లేచి, ఇలా దిగిపోయింది. "అంతేనా?" అని అడిగింది అత్త. "ఇంతే మాషీమా, బ్యాటరీ ఇంతే వస్తుంది" అన్నాడాయన, మనం పిన్నిగారూ అన్నట్టు. ఆ "ఇంతే" అన్న మాట ఆవిడకు జన్మలో పడేది కాదు. ఆడవాళ్లకు బ్యాంకులో ఇంతే, ఈ వయసుకి ఇంతే అని విని విని ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర, అన్నం ఉడికేంతసేపు డ్రోన్‌ని గాల్లో నిలబెడతానని అందరి ముందూ పంతం పట్టింది.

"ఏటే ఇది? అరవై దాటేక బొమ్మలాటలేటి?" అన్నాడు నాన్న.

"నువ్వు పేకాడుకో అన్నయ్యా. నేనేటైనా అన్నానా?" అంది అత్త.

ఆదివారాలు లోకల్ ట్రైన్ ఎక్కి, ఊరవతల పాత ఇటుక బట్టీ పక్కనున్న మైదానానికి పోయేవాళ్లం, ఆవిడా నేనూ. అక్కడ ఎగరేయడానికి అడ్డు లేదని మ్యాపులో చూసుకునే వెళ్లేది. సంచిలో డ్రోన్, చిన్న గ్యాస్ స్టవ్, గాలికి అడ్డం పెట్టే రేకు, గిన్నె, బియ్యం, ఆవకాయ సీసా. డ్రోన్ లేవగానే స్టవ్ వెలిగించాలి. డ్రోన్ దిగేదాకా స్టవ్ ఆపకూడదు, దిగాక వెలగకూడదు. ఆ కాసేపట్లో ఎంత ఉడికితే అంతే అన్నం. అది ఇద్దరం తినాలి. ఇదీ ఆవిడ పద్ధతి.

"గడియారం చూసుకోవచ్చు కదత్తా" అన్నాను.

"గడియారం సూస్తే రెండు నిమిషాలు కలిపి సెప్పుకుంటాం. పంటికి అబద్ధం తెలీదు" అంది.

మొదటి ఆదివారం గిన్నెలోవి నానబెట్టిన బియ్యంలా ఉన్నాయి. అత్త ఆవకాయ కలుపుకుని కరకర నమిలింది. నేను రెండు రోజులు కడుపు నొప్పితో పడుకున్నాను.

ఆకలేస్తే ఇంకో ముద్ద పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లం. డ్రోన్‌కి చాలడం లేదంటే మాకు తోచింది కూడా అదే. పెద్ద బ్యాటరీ కట్టాం. పావుకిలో దాటితే ఎగరేయడానికి రూల్సు వేరు కాబట్టి, వంటింటి త్రాసు మీద ఆ లోపే ఉండేలా చూసుకుని మరీ కట్టాం. మరుసటి ఆదివారం బియ్యం ఇంకా పచ్చిగా దిగాయి. అత్త ఒక గింజ కొరికి చూసింది. "తిన్నదంతా దాని పొట్ట మొయ్యడానికే సరిపోతంది, అచ్చం మీ నాన్నలాగ" అని నవ్వింది.

అక్కణ్ణుంచి ఆవిడ పెట్టడం మానేసి తీసేయడం మొదలుపెట్టింది. మిణుకు మిణుకుమనే లైట్లు పోయాయి. కాళ్లు పోయాయి. పొడుగు వైర్లు పొట్టివయ్యాయి. ఇనప స్క్రూలు పోయి నైలాన్‌వి వచ్చాయి. కెమెరా మీద నాకు ఆశ ఉండేది. "ఇది పెళ్లి వీడియోకెళ్తందేటి?" అని దాన్నీ పీకేసింది. రెక్కల్ని సూది మీద నిలబెట్టి, తేలిగ్గా ఉన్న వైపు చిన్న టేపు ముక్క అంటించి సరితూచేది. బ్యాటరీ బదులు ఛార్జింగ్ టార్చిలైట్లలో వేసే రకం గుండ్రటి సెల్స్ తెచ్చింది. అవి ఒక్కసారిగా లాగితే ఇవ్వవు, మెల్లగా అడిగితే చాలాసేపు ఇస్తాయి. వాటికి తగ్గట్టు నిదానంగా తిరిగే మోటార్లు వేసింది.

వారం వారం అన్నం మారుతూ వచ్చింది. బియ్యం కాస్తా సగం ఉడికిన మెతుకైంది, ఆ మెతుకు కాస్తా పలుకులు తగిలే అన్నమైంది. మైదానం గట్టున టీ కొట్టు దాదా ప్రతి ఆదివారం "మాషీమా, ఆజ్ భాత్ హోబే?" అనేవాడు, ఇవాళైనా అన్నం అవుతుందా అని. "హోబే" అనేది అత్త. అవుతుంది. ఆవిడ నోట ఇంకో జవాబు నేను వినలేదు.

ఈలోగా అత్త గుండె బలహీనపడిందన్నారు. ఈ వయసులో ఇంతేనని, కదలకుండా పడుకోవాలని డాక్టరు చెప్పాడు. నేను తెలివిగా, "నువ్వూ నీ బ్యాటరీ కాపాడుకోవాలత్తా" అన్నాను. ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నన్నూ దాన్నీ ఒకే గాటన కట్టకు. బ్యాటరీ తగ్గిందని కీచుమని అరిసేసరికి దాన్ని దించెయ్యాల. నేనలగ దిగను. ఉన్నదంతా వాడేసే పోతాను."

మా ఆఖరి ఆదివారం ఆకు కూడా కదల్లేదు. ఒకచోట నిలబెట్టిన డ్రోన్, రిమోట్ మీద నా వేలు జారి, మెల్లగా పక్కకి జరిగింది. రిమోట్ తెర మీద అది ఎంత కరెంటు లాగుతోందో చూపే అంకె తగ్గడం అత్త చూసింది. "సూసేవా? కదిల్తే తక్కువ తింటంది. నిలబెడితేనే ఎక్కువ. ఒక్కసోట నిలబడితే తను కిందకి తోసిన గాల్లోనే తను ఈదాల. కదిల్తే కొత్త గాలి దొరుకుతాది" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది. వచ్చే ఆదివారం దాన్ని చుట్టూ తిప్పుదామనుకున్నాం. ఆ వారమే ఆసుపత్రిలో చేరింది. ఇంకాస్త పెద్ద రెక్కలు తెప్పించుకుని, మంచం మీదే బిగించింది. స్క్రూడ్రైవరు గొడవ అందుకే.

ఆఖరి మాట ఏమందని పరామర్శకు వచ్చినవాళ్లు నన్ను అడుగుతున్నారు. దేవుడి పేరేదో చెప్తాననుకుంటారు. "నిలబెట్టకు, మెల్లగా తిప్పు" అంది. అదే చెప్తున్నాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

మొన్న ఆదివారం నేను సంచి సర్దుతుంటే నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. మైల ఇల్లు, గిన్నె పట్టుకుని ఎక్కడికని కేకలేస్తాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. నాన్న లోపలికెళ్లి బియ్యం డబ్బా తెచ్చాడు.

"నీళ్లెన్ని పోస్తారే?" అన్నాడు.

"అత్తెసరే నాన్నా."

"నాకూ కొంచెం తే" అని, ముఖం అటు తిప్పుకుని కొలిచి పోశాడు.

మైదానంలో ఒక్కదాన్నే. డ్రోన్ లేపాను, స్టవ్ వెలిగించాను. ఒక చోట నిలబెట్టలేదు. ఇటుక బట్టీ గొట్టం నుంచి తాటిచెట్ల దాకా, మళ్లీ వెనక్కి, మెల్లగా తిప్పుతూ పోయాను. కుతకుతలు మొదలై, ఆగిపోయాయి. అన్నం వాసన వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, కానీ కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. కీచుమనే చప్పుడు ఇంకా రాలేదు. కాసేపటికి మాడు వాసన మొదలైంది.

టీ దాదా కొట్టు వదిలి పరుగెత్తుకొచ్చాడు. "దీదీ, భాత్ పుడే జాచ్ఛే."

మాడుతోందని నాకు తెలుసు. "మాడనీ దాదా" అన్నాను, అదీ తెలుగులోనే. అతను స్టవ్ వైపు వంగబోయి, ఆగి, నా పక్కన నిలబడి తలెత్తాడు. గిన్నె లోంచి పొగ లేస్తోంది. పైన అది తాటిచెట్ల దగ్గర మలుపు తీసుకుని, తాపీగా ఇంకో చుట్టు మొదలుపెట్టింది.