పడుగు వెంట నడక

వరంగల్‌లో మా నేతవాళ్ల వీధికి కాన్పులు చేసే అవ్వ నోట ఎప్పుడూ ఒకటే మాట: "జర నడువు బిడ్డా." నెలలు నిండినా నొప్పులు రాని ఆడవాళ్లను, గంజి పట్టించి వీధి పొడవునా సాగదీసిన పడుగు వెంట ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పేది.

నా తొలిచూలుకు చెప్పిన రోజులు దాటిపోయాయి. ఆమె ఇచ్చిన ఆముదం తాగి మూడు పొద్దులు నడిచాను. నాలుగో పొద్దున అవ్వ నా కడుపు మీద చెయ్యి వేసింది. చెవి ఆనించింది. మళ్లీ చెయ్యి వేసింది.

"రాత్రి కడుపుల బిడ్డ కదిలిందా?"

"యాదికి లేదవ్వా. ఇయ్యాల గూడ నడవాల్నా?"

అవ్వ పడుగు వైపు చూడలేదు. దవాఖానకు రిక్షా పిలవమని మా అత్తతో మెల్లగా చెప్పింది. ఎవరినీ కూర్చోనివ్వని ఆ మనిషి నా భుజం పట్టుకుంది.

"కూసో బిడ్డా. ఇగ నడిచేది లేదు."