ప్రార్థన మధ్యలో

కరుణాకర్‌కు కాదనడం రాదు. ఎవరేం అడిగినా ముందు మెడ రుద్దుకుంటాడు, ఆ తర్వాత "అలాగేనండి" అంటాడు. ఒకసారి చర్చిలో మైకు బాగుచేసిన పాపానికి చిలకలూరిపేట సంఘంలో వాళ్ల టీవీలన్నీ అతని నెత్తిన పడ్డాయి. ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునేలోపే ఎవరో ఒకరు, "వందనాలు బ్రదర్, ఒక్క నిమిషం" అంటారు. ఆ నిమిషం సాయంత్రానికిగానీ అవదు.

ఆ వారం పాస్టరు ఇమ్మానుయేలుగారి వంతు. ఆయన కొత్తగా కొన్న పెద్ద హార్డ్‌డిస్కును టీవీకి తగ్గట్టు ఫార్మాట్ చేయాలి. కరుణాకర్ తన సంచిలోని వైర్లూ, తన పాత డిస్కూ బల్ల మీద పరిచాడు. పక్కనున్న జిన్నింగ్ మిల్లు నుంచి ఎగిరొచ్చి టీవీ వెనక పేరుకున్న దూదిపీచును ఉఫ్‌మని ఊది, డిస్కు తగిలించాడు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయని తెర మీద వచ్చింది.

"కొత్తదేగా, పోడానికేముంది? ప్రార్థన చేసుకుని నొక్కుదాం" అంటూ పాస్టరుగారు రిమోటు పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఈ బ్రదర్ చేతుల కష్టాన్ని దీవించు ప్రభువా..."

కరుణాకర్ ఎందుకో కళ్లు తెరిచాడు. స్టిక్కరు ఊడని కొత్త డిస్కు బల్ల మీదే ఉంది. టీవీకి తగిలించింది తనది. కూతురు షారోన్ పుట్టిన రోజు నుంచీ తీసిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. చెయ్యి మెడ మీదికి వెళ్లింది. ప్రార్థన మధ్యలో అతను ఏనాడూ నోరు తెరవలేదు.

"ఆమేన్" అని పాస్టరుగారు బటన్ నొక్కారు.

"ఆమేన్" అన్నాడు కరుణాకర్.