అవ్వకు చెప్పు

అశోక్ నగర్‌లో సాయంత్రం టీ బండి దగ్గర నిలబడి ఉండగా, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లోంచి నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, గుంపు నవ్వు. అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపేశారు. ఏదో ఇంగ్లిషు సీరియల్. ఉద్యోగ పరీక్షలకు చదువుతోందట, ఇంటర్వ్యూలో మాట్లాడటం కోసం చూస్తున్నానంది. పొద్దుటి నుంచీ పేపరాఫీసు డెస్క్‌లో కూర్చుని యంత్రం చేసిన అనువాదాలు దిద్ది వచ్చానేమో, నా కళ్లు మండుతున్నాయి. టీ కూడా సహించలేదు. ఆ నవ్వు మాత్రం నన్ను ఎన్నో ఏళ్ల కిందటి, చిక్కడపల్లిలోని ఒక ముందుగదికి తీసుకుపోయింది. అక్కడ ఒక టీవీ, దాని ఎదురుగా నవారు మంచం, మంచం పక్కన కుర్చీలో సుగుణ టీచర్.

నేను మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాణ్ణి. నాన్న కవాడిగూడలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌లో కూలిపని చేస్తూ అక్కడే పడుకునేవాడు. ‘సదువుకున్నోనివి, నువ్వీడ ఉండొద్దు’ అని నాకు మాత్రం టీచర్ వాళ్ల మేడమీద గది కిరాయికి చూశాడు. నారాయణగూడలో ఒక తెలుగు దినపత్రిక నన్ను అప్పుడే ట్రయల్ మీద తీసుకుంది. వార్తా ఏజెన్సీల నుంచి ఇంగ్లిషులో వచ్చే వార్తలను తెలుగు చేయాలి. చేయలేకపోతే నాన్న పక్కన నేనూ ఇటుకలు మోయాలి. టీచర్ బడిలో ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యారు. భర్త లేరు, పిల్లలు లేరు. కింది వాటాలో ఆమె, మంచం దిగలేని అత్తగారు ఉండేవారు. ఆ పెద్దావిడను నేను అవ్వా అని పిలిచేవాణ్ణి.

ఇంగ్లిషు నేర్పమని అడిగితే టీచర్ పుస్తకం తీయలేదు, టీవీ పెట్టారు. ఒక సన్నివేశం అయ్యాక శబ్దం తగ్గించి, ‘ఇగ అవ్వకు చెప్పు’ అన్నారు. ఆమె పద్ధతి అదొక్కటే. టీవీలో జనం నవ్విన చోట అవ్వ నవ్వితే నాకు వచ్చినట్టు. లేకపోతే మళ్లీ చెప్పాలి.

మొదటిరోజే తెరమీద ఒకామె భర్తతో ‘గివ్ మి ఎ బ్రేక్’ అంది.

‘నాకు కాస్త విరామం ఇవ్వండి అంటోంది అవ్వా’ అన్నాను.

‘మొగనితోని ఎవరన్న గట్ల మాట్లాడుతరా? రేడియోలెక్క చెప్తవేంది?’ అంది అవ్వ.

‘మాటలు ఇడిసిపెట్టయ్యా. ఆమె మొఖం జూడు. ఆడు అదే అబద్ధం మల్లొకపారి చెప్పిండు’ అన్నారు టీచర్.

అవ్వ పకపకా నవ్వింది. ‘ఇగ చాలు తియ్, మస్తు జూసిన అంటున్నదా? నేను మా ఆయనను రోజు అంటుంటి.’

అలా రోజూ డ్యూటీకి పోయే ముందు ఒక గంట. ఎవరు, ఎవరితో, ఏం జరిగాక అన్నారు? ఈ మూడూ తేలకుండా టీచర్ నన్ను అర్థం చెప్పనిచ్చేవారు కాదు. నేను తడబడిన ప్రతిసారీ మంచం కిర్రుమనేది. ‘ఏమంటున్నరు బిడ్డా?’ అని అవ్వ మోచేతి మీద లేచేది.

ఒక రోజు సీరియల్‌లో ఆసుపత్రి వచ్చింది. డాక్టరు బయటికొచ్చి ఒక ముసలాయనతో ‘హి డిడ్‌నాట్ మేక్ ఇట్’ అన్నాడు. మనిషి బతకలేదని నాకు అర్థమైంది. చెప్పబోయేలోగా టీచర్ టీవీ కట్టేశారు.

‘గీ మాటనే గదా, నా కొడుకు పోయిననాడు అన్నది’ అంది అవ్వ. నావైపు తిరిగి చెప్పింది. ‘దవఖానల డాక్టరు ఇంగ్లిషుల చెప్పిండు. నా కోడలు తలకాయ ఊపింది. నేను ఇద్దరి మొఖాలు చూసుకుంట కూసున్న. నాకు ఇల్లు చేరినంక చెప్పింది, అరుగు మీద కూసోబెట్టి.’

‘నోరు రాలే అత్తమ్మా’ అన్నారు టీచర్. ‘తెలుగుల అంటే నిజమైతదని భయమైంది.’

అవ్వ కోడలి చేయి పట్టుకుని తన పక్కకు లాక్కుంది. నేను మెట్లెక్కి గదికి వెళ్లిపోయాను.

ట్రయల్ ఆఖరున చీఫ్ సబ్ ఎడిటర్ నా ముందు ఒక ఏజెన్సీ వార్త పెట్టాడు. ‘ఇది సరిగ్గ రాస్తే ఉంటవు’ అన్నాడు. కడుతున్న భవనం స్లాబు కూలింది. పోయిన ఇద్దరూ మా జిల్లా కూలీలు. ‘క్షతగాత్రులు చికిత్స పొందుతూ తుదిశ్వాస విడిచారు’ అని రాశాను. డెస్క్‌లో అందరూ రాసే వాక్యమే. ఎక్కడో మంచం కిర్రుమన్నట్టనిపించింది. కొట్టేశాను. ‘ఇద్దరినీ ఆసుపత్రికి తెచ్చారు. బతకలేదు’ అని రాశాను.

‘ఇదేందయ్యా, గింత మొండిగ రాసినవ్?’ అన్నాడు చీఫ్.

‘ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు ఇట్లనే చెప్తరు సార్.’

ఆయన ఇంకోసారి చదివి కంపోజింగ్‌కు పంపాడు.

ఆ పేపరును నాన్న పనిచేసే చోట ఎవరో పైకి చదివారట. నాన్నకు చదువు రాదు. కలిసినప్పుడు అన్నాడు: ‘అంత సమజైంది బిడ్డా. సమజైందనే బువ్వ తినబుద్ధి కాలే.’ నా ఉద్యోగం నిలిచిందని చెప్పడానికి వెళ్లినవాణ్ణి, చాలాసేపు ఆ సంగతి ఎత్తలేకపోయాను.

అవ్వ పోయింది, తర్వాత టీచర్ కూడా పోయారు. ఆ ఇల్లు ఇప్పుడు హాస్టల్. వార్తలు ఇప్పుడు యంత్రం నుంచి తెలుగులోనే వస్తాయి, తప్పులు కూడా పెద్దగా ఉండవు. నాకు వయసు మీద పడింది. చాలా రోజులు ఏ వాక్యాన్నీ ముట్టుకోకుండా పంపేద్దామనే అనిపిస్తుంది. కొన్నిసార్లు పంపేశాను కూడా. ఈరోజు మధ్యాహ్నం ఒక ప్రమాద వార్తలో ‘తుదిశ్వాస విడిచారు’ అని వచ్చింది. బాగానే ఉందనుకుని పంపబోయాను.

‘ఏమంటున్నరు బిడ్డా?’

కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను.