భీమశంకరరావుకి కలిసిరాని మూడేళ్ళు

పొద్దున్నే భీమశంకరరావుకి చేతివేళ్ళు మాట వినవు. చొక్కా గుండీలు పెట్టమని భార్య నాగమణిని పిలవాలి. పిలవడం నామోషీ. అందుకని టీషర్టు తొడుక్కుని ఫ్యాక్టరీకి వెళ్ళి, యూనిఫాం ఏదని సూపర్‌వైజరు చేత చీవాట్లు తింటాడు. అమలాపురం వైపు నుంచి వచ్చి దువ్వాడలో స్థిరపడిన క్రేన్ ఆపరేటరు, మా పక్కింటాయన.

ఆయన జబ్బు కీళ్ళవాతం. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి కీళ్ళ మీద పడే రకం. వైద్యం చేసే డాక్టర్ చంద్రిక పరిశోధన కోసం కొంత రక్తం తీసుకున్నారు. మామూలుగా ఆ ఫలితాలు రోగులకి చెప్పరు. ఈయన వదల్లేదు. కారణం కూతురు శ్రీసత్య. పెందుర్తిలో జాకెట్లకి మగ్గం వర్కు చేస్తుంది. ఈమధ్య పొద్దున్నే ఆమె వేళ్ళూ బిగుసుకుంటున్నాయి.

"తాడు చివర పురి విడిపోకుండా కట్టు కడతారు చూడండి, కణంలో జన్యువుల దారాలకీ అలాంటి కట్టే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది పొట్టిదవుతుంది. మీ కట్లు మీ వయసువాళ్ళ సగటు కన్నా పొట్టిగా ఉన్నాయి. అందులో కొంత పుట్టుకతో వచ్చేదే. దానికీ ఇలాంటి జబ్బులకీ లంకె ఉందంటున్నారు గానీ..." అంటున్నారు డాక్టరుగారు.

పుట్టుక అన్న మాట వినగానే, తండ్రితోపాటు వచ్చిన శ్రీసత్య తన వేళ్ళకేసి చూసుకుంది. అది చూడలేక ఈయన లేచి బయటికొచ్చేశాడు.

ఇంటికొచ్చాక వెలిగింది. "మీ వయసువాళ్ళు" అంటే ఏ వయసువాళ్ళు? రికార్డుల్లో ఆయనకి యాభైఆరు. అసలు యాభైతొమ్మిది. బడిలో వేసినప్పుడు తండ్రి మూడేళ్ళు తగ్గించి రాయించాడు, ముందుముందు ఉద్యోగానికి అక్కరకొస్తుందని. అంటే తన కణాల్ని కుర్రాళ్ళ పక్కన నిలబెట్టి పొట్టివన్నారు! ఈ మాట చెప్తే అమ్మాయికి దిగులు తీరుతుంది. కానీ ఫ్యాక్టరీలో తెలిస్తే? అసలు లెక్కన వచ్చే ఏడే అరవై అని ఇంటికి పంపుతారు. వారమంతా అందరిమీదా విసుక్కున్నాడు. చివరికి కూతురి మొహం చూసి, అందర్నీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. వాళ్ళతో నేనూ.

డాక్టరుగారి తలుపు తెరిచే ఉంది. బయట బెంచీమీద మోకాలు పట్టుకుని ఫ్యాక్టరీలో ఈయనతో పనిచేసే దొరబాబు కూర్చున్నాడు. ఈయన గొంతు తగ్గించాడు.

"కాస్త గట్టిగా చెప్పండి, ఫ్యాను చప్పుడు," అన్నారు డాక్టరుగారు.

"నాకు యాభైతొమ్మిదండీ! రికార్డు తప్పండీ!"

హాలు హాలంతా తిరిగి చూసింది.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "మూడేళ్ళతో పెద్ద తేడా రాదండీ. ఒకే వయసువాళ్ళ మధ్యే అంతకన్నా ఎక్కువ తేడాలుంటాయి. వేలమందిని కలిపి చూస్తే ఏదో లంకె కనిపిస్తుంది గానీ, ఒక్క మనిషికి జబ్బు వస్తుందో రాదో దీంతో చెప్పలేం."

"మరి మా అమ్మాయి?"

"అమ్మాయి వేళ్ళు చూసి, వేరే రక్తపరీక్ష చేయిస్తే చాలు."

"ఈ ముక్క మొన్ననే చెప్పొచ్చు కదండీ!"

"చెప్పబోతుంటేనే మీరు లేచి వెళ్ళిపోయారు."

కక్కలేక మింగలేక బయటికొచ్చాడు. దొరబాబు మోకాలి నొప్పి మర్చిపోయి ఎదురొచ్చాడు. "ఏటి బావా, అయితే వచ్చే ఏడే దండలేసీమంటావేటి?"

"నోర్ముయ్యరా బాబూ, నీకు దణ్ణం పెడతాను."

"నాకెందుకు దణ్ణం? నాను సెప్పను. ఫ్యాను ఇనేసింది గానీ."

నాగమణి గోల వేరు. "పెళ్ళిచూపుల్లో మీ వాళ్ళు ఏ వయసు చెప్పారండీ? బడిదా, నిజందా?"

"ఇప్పుడదా ముఖ్యం?" అని కసిరాడు.

ఈలోగా శ్రీసత్యని రక్తపరీక్షకి పిలిచారు. చెయ్యి చాపి కూర్చుంది. సూది పట్టుకున్న నర్సు వయసెంతని అడిగింది. శ్రీసత్య చెప్పబోయి ఆగి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నన్ను బళ్ళో వేసినప్పుడు సరిగ్గానే రాయించావా?"

భీమశంకరరావు గోడమీద దోమల నివారణ పోస్టరు శ్రద్ధగా చదవడం మొదలెట్టాడు.